బేస్ గిటార్ గరగరమంటోంది, మైక్ షాక్ కొట్టింది: నెక్ పోయినట్టేనా?

ప్రశ్న: అన్నయ్యా, మాది పర్లాకిమిడి. చర్చి క్వయర్‌లో బేస్ వాయిస్తాను, అప్పుడప్పుడు మెలోడీ ప్రోగ్రాములకి కూడా పిలుస్తారు. బరంపురంలో ఒకరి దగ్గర నాలుగు స్ట్రింగుల జాజ్ బేస్ టైపు గిటార్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. బ్యాటరీ లేని రకం. వానలు మొదలైన దగ్గర్నుంచి అన్నిటికంటే లావైన ఇ స్ట్రింగ్ మొదటి నాలుగైదు ఫ్రెట్లలో (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీల దగ్గర) గరగరమంటోంది. పన్నెండో ఫ్రెట్ దాటితే శ్రుతి తేడా కొడుతోంది. కేబుల్ గుచ్చే జాక్ కదిలితే కరకరమని సౌండ్ పోతోంది. స్ట్రింగుల మీంచి చెయ్యి తీస్తే ఒకటే హమ్. మొన్న బయట టెంటులో జనరేటర్ మీద వాయిస్తూ పాడబోతే, పెదవి మైక్‌కి తగిలి షాక్ కొట్టింది. మా ఊళ్లో షాపులో చూపిస్తే ‘నెక్ వంగిపోయింది, ఇంక పనికిరాదు, వేరేది కొనుక్కో’ అన్నారు. కొత్తది కొనే స్తోమత ఇప్పుడు లేదు. విశాఖ తీసుకెళ్లనా? నేనే ఏమైనా చేసుకోగలనా?

సమాధానం: తమ్ముడూ, నువ్వు ఐదు బాధలు రాశావు. అందులో నాలుగు గిటార్‌వి. ఒకటి ప్రాణానికి సంబంధించింది, దాన్ని నువ్వు మధ్యలో ఒక్క వాక్యంలో రాసి వదిలేశావు. ముందు దాని సంగతి చూద్దాం. గరగర ఇంకో వారం ఉన్నా ఎవరికీ ఏమీ కాదు.

బేస్‌లో స్ట్రింగులన్నీ బ్రిడ్జికి, అంటే బాడీ మీద వాటి చివర్లు బిగించే లోహపు పలకకి, తగిలి ఉంటాయి. బ్రిడ్జి కింద నుంచి ఒక సన్న వైరు లోపలికి వెళ్లి వాల్యూమ్ పాట్ (నాబ్ కింద లోపల ఉండే భాగం) వీపుకి, అక్కణ్నుంచి జాక్‌కి, కేబుల్ షీల్డు మీదుగా ఆంప్ బాడీకి, ఆంప్ ప్లగ్గులోని మూడో పిన్ను ద్వారా భూమికి చేరుతుంది. మైక్ జాలీ కూడా ఇలాగే తన కేబుల్ ద్వారా మిక్సర్ ఎర్త్‌కి కలిసి ఉంటుంది. రెండు ఎర్తులూ ఒక్కటే అయితే నీకేం కాదు. ఆంప్ ఒక బోర్డు నుంచి, మిక్సర్ ఇంకో చోటి నుంచి కరెంటు తీసుకుంటూ, ఒకదానికి ఎర్త్ లేకపోతే రెండింటి మధ్య ఓల్టేజీ నిలుస్తుంది. చేతులు స్ట్రింగుల మీద, పెదవులు మైక్ మీద ఉంటే ఆ రెండింటినీ కలిపే తీగ నువ్వే అవుతావు. చెమటతో తడిసిన చేతులు, వాన పడ్డ నేల ఉంటే ఇంకా ప్రమాదం. ఈసారి చురుక్కుమని వదిలేసింది. ప్రతిసారీ అలాగే వదులుతుందన్న నమ్మకం లేదు.

టెంటు ప్రోగ్రాముల్లో జనరేటర్ పెట్టినవాళ్లు చాలాసార్లు ఎర్త్ రాడ్ భూమిలోకి దించరు. ఆంప్‌కి మూడు పిన్నుల ప్లగ్గు ఉంటే రెండు పిన్నుల బోర్డులో పట్టలేదని మూడో పిన్ను విరిచేస్తారు. హమ్ తగ్గుతుందని కావాలని తీసేసేవాళ్లు కూడా ఉన్నారు. నీ ఆంప్ ప్లగ్గు ఇప్పుడే తీసి చూడు. మూడో పిన్ను లేకపోతే కొత్త ప్లగ్గు వేయించేదాకా దాన్ని వాడొద్దు. ఆంప్, మిక్సర్ రెండూ ఎర్త్ ఉన్న ఒకే బోర్డు నుంచి తీసుకోవాలని సౌండ్ వాళ్లకి గట్టిగా చెప్పు. ఆ బోర్డుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టమని చర్చి కమిటీని అడుగు. లీకేజీ కరెంటు తేడా కనిపెట్టి సప్లై కట్ చేసేది అదే. మామూలు ఫ్యూజు మనిషిని కాపాడదు.

స్టేజీ ఎక్కాక పాడే ముందు ఒక పరీక్ష. మల్టీమీటర్‌ని ఏసీ ఓల్టేజీలో పెద్ద రేంజి మీద పెట్టి, ఒక ముల్లు మైక్ జాలీకి, ఇంకో ముల్లు స్ట్రింగుకి ఆనించు. పరీక్ష చేసేటప్పుడు నీ వేళ్లు లోహానికి తగలకూడదు. సున్నా దగ్గర చూపిస్తే సరే. పదులు, వందల్లో చూపిస్తే కేబుల్ పీకి పక్కన పెట్టెయ్, ఎవరేమన్నా సరే. మైక్‌కి స్పాంజి తొడుగు వేస్తే పెదవి జాలీకి తగలదు, వెయ్యి, కానీ అది వైద్యం కాదు. బేస్‌కి వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ వాడితే స్ట్రింగుల నుంచి ఆంప్‌కి వెళ్లే దారే తెగిపోతుంది కాబట్టి గిటార్ వైపు నుంచి ఈ ప్రమాదం పోతుంది. ఇంకో మాట: ‘బ్రిడ్జి కింద వైరు కోసేస్తే షాక్ రాదు’ అని ఎవరైనా సలహా ఇస్తే వినకు. హమ్ పెరుగుతుంది, అసలు లోపం ఆంప్‌లోనో జనరేటర్‌లోనో అలాగే ఉండిపోతుంది.

ఇక గిటార్ దగ్గరికి వద్దాం.

హమ్ గురించి నువ్వు అనుకున్నంత కంగారు అక్కర్లేదు. చెయ్యి వేస్తే తగ్గి, తీస్తే పెరుగుతోందంటే బ్రిడ్జి వైరు బాగానే ఉందని అర్థం. వేసినా తీసినా ఒకేలా ఉంటే అది తెగిందని అనుమానించాలి. మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి ఒక ముల్లు స్ట్రింగుకి, ఇంకోటి జాక్ బయటి అంచుకి ఆనిస్తే బీప్ రావాలి. స్ట్రింగుల కదలికను సిగ్నల్‌గా మార్చేవి పికప్పులు. జాజ్ బేస్‌లో రెండు పికప్పులూ సింగిల్ కాయిల్‌వి, అంటే ఒక్కోదానికి ఒకే తీగ చుట్ట. మన 50 హెర్ట్జ్ కరెంటు గోలను అవి పట్టుకుంటాయి. అందుకే తయారుచేసేటప్పుడు ఒకదాని చుట్ట, అయస్కాంతం దిశ ఇంకోదానికి తలకిందులుగా ఉండేలా చేస్తారు. రెండు వాల్యూములూ పూర్తిగా తెరిస్తే హమ్ ఒకదానికొకటి కొట్టేసుకుంటుంది, ఒకటి తగ్గించగానే మళ్లీ వస్తుంది. ఇది చేసి చూడు. రెండూ ఫుల్‌లో ఉన్నా హమ్ తగ్గకపోతే ఎవరో ఒక పికప్ మార్చి ఉంటారు, లేదా లోపల ఎర్త్ సరిగ్గా లేదు. ట్యూబ్‌లైట్ చోకులు, ఫ్యాన్ రెగ్యులేటర్లు, చౌకరకం మొబైల్ చార్జర్లు దగ్గర్లో ఉంటే హమ్ పెరుగుతుంది. నిలబడ్డ చోటే కొంచెం పక్కకి తిరిగి చూడు, తేడా తెలుస్తుంది. ఇంకా తగ్గించాలంటే లోపలి గుంటలకు రాగి రేకు టేపు అతికించి దాన్ని ఎర్త్‌కి కలపాలి. వంటింటి అల్యూమినియం ఫాయిల్ వద్దు, దానికి సోల్డర్ పట్టదు.

జాక్ కరకరకు గిటార్ విప్పే ముందు కేబుల్ మార్చు. క్వయర్‌లో కీబోర్డు వాళ్ల కేబుల్ అడిగి పెట్టి చూడు. ఈ రకం ఫిర్యాదుల్లో చాలావాటికి కేబులే కారణం. కేబుల్ మార్చినా కరకర పోకపోతే జాక్ నట్టు లూజై ఉంటుంది. బయట నుంచి నట్టు బిగించేస్తే లోపల జాక్ కూడా గిర్రున తిరిగి వైర్లు మెలిపడి తెగుతాయి. అందుకని ప్లేటు విప్పి, జాక్‌ని లోపల నుంచి పట్టుకుని బిగించాలి. అక్కడ వంకీ తిరిగిన ఒక రేకు నాలుక కనిపిస్తుంది, ప్లగ్ కొనను పట్టుకునేది అదే. వాడగా వాడగా సడలి ఉంటుంది. దాన్ని వేలితో కొంచెం లోపలికి వంచు. దాని కాంటాక్ట్ భాగం నల్లబడి ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి గుడ్డతో తుడువు. వైరు ఊడి ఉంటే మీ ఊళ్లో మొబైల్ రిపేరు చేసే కుర్రాడు నిమిషంలో సోల్డర్ పెట్టేస్తాడు. నాలుకకు వెళ్లేది సిగ్నల్, బయటి అంచుకి వెళ్లేది ఎర్త్ అని మాత్రం చెప్పు. పాట్ వీపు మీద వైరు ఊడితే వాళ్ల చిన్న ఐరన్ వేడి చాలదు, 40 వాట్లకి తగ్గని ఐరన్ కావాలి.

వాల్యూమ్ తిప్పుతుంటే కరకరలాడితే అదే క్లీనర్‌ని పాట్ సందులోకి ఒక్కసారి కొట్టి, నాబ్‌ని ఇటూ అటూ బాగా తిప్పు. కొబ్బరినూనె, కుట్టు మిషన్ నూనె పోసినవి నా దగ్గరికి వస్తుంటాయి. వాటిలో దుమ్ము ముద్దకట్టి, చివరికి పాట్ మార్చక తప్పదు.

ఇప్పుడు నెక్. నాకు కోపం వచ్చింది ఇక్కడే. నెక్ వంగింది అన్న మాట అబద్ధం కాదు. కానీ నెక్ వంగడం జబ్బు కాదు. 45 నుంచి 105 వరకు (ఇది అంగుళంలో వెయ్యో వంతుల్లో స్ట్రింగ్ లావు) ఉండే మామూలు సెట్టు నాలుగు స్ట్రింగులూ శ్రుతిలో ఉంటే నెక్ మీద దాదాపు 75–80 కిలోల లాగుడు ఉంటుంది. ఆ లాగుడికి నెక్ విల్లులా ముందుకు వంగాలని చూస్తుంది, లోపల ఉన్న ఉక్కు రాడ్ దాన్ని వెనక్కి పడుతుంది. దాన్నే ట్రస్ రాడ్ అంటారు. చెక్క గాలిలోని తేమ పీలుస్తుంది, వదులుతుంది. మహేంద్రతనయ ఒడ్డున వానాకాలమంతా గోడలు కూడా చెమర్చే ఊళ్లో చెక్క కదలకుండా ఎలా ఉంటుంది? అలా కదిలినప్పుడు సరిచేసుకోవడానికే ఆ రాడ్ పెట్టారు. రాడ్‌ని ముట్టుకోకుండానే గిటార్ పనికిరాదని చెప్పడం అన్యాయం.

ముందు ఏ వైపు వంగిందో నువ్వే చూసుకో. స్ట్రింగులు శ్రుతి చేసి, వాయించేటప్పుడు పట్టుకున్నట్టే గిటార్‌ని ఒళ్లో పెట్టుకో. ఎడమచేత్తో ఇ స్ట్రింగ్‌ని మొదటి ఫ్రెట్ మీద, కుడిచేతి బొటనవేలితో చివరి ఫ్రెట్ మీద నొక్కిపట్టు. ఇప్పుడు ఆ స్ట్రింగే నీకు తిన్నటి స్కేలు. ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర కుడిచేతి చూపుడువేలు చాచి స్ట్రింగ్‌ని మెల్లగా తట్టు. అందకపోతే ఎవరినైనా తట్టమను. సన్నగా ‘టిక్’ మని చప్పుడు వచ్చి స్ట్రింగ్ కాస్త కిందికి దిగి ఫ్రెట్‌కి తగిలితే అక్కడ సందు ఉన్నట్టు. ఆ సందు 0.3 మిల్లీమీటర్ల దగ్గర, అంటే ఒక విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే చాలు. తట్టినా కదలిక లేక, స్ట్రింగ్ ఫ్రెట్ మీదే పడుకుని ఉంటే నెక్ తిన్నగా అయిపోయింది, లేదా వెనక్కి వంగింది. రెండు కార్డులు దూరిపోయేంత ఉంటే ముందుకు ఎక్కువ వంగింది.

నీకు గరగర మొదటి నాలుగైదు ఫ్రెట్లలోనే అన్నావు కాబట్టి సందు లేదని నా అంచనా. అలాగైతే రాడ్ బిగువు కొంచెం తగ్గించాలి. రాడ్ చివర ఉండే నట్టు వైపు నుంచి చూస్తూ గడియారం ముల్లుకి ఎదురుగా తిప్పితే సడలుతుంది, స్ట్రింగులు నెక్‌ని ముందుకు లాగి సందు ఏర్పరుస్తాయి. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే బిగిసి, నెక్ వెనక్కి వెళుతుంది. సందు ఎక్కువ ఉన్నవాళ్లు చేయాల్సింది ఈ రెండోది, అదీ స్ట్రింగులు కాస్త వదులు చేశాకే.

ఆ నట్టు గిటార్ హెడ్ (తల భాగం) మీద చిన్న ప్లాస్టిక్ మూత కింద ఉంటుంది, కొన్నింటికి నెక్ బాడీతో కలిసే చివర ఉంటుంది. దాన్ని తిప్పే ఎలెన్ కీ (ఆరు పలకల వంకర కీ) సరైన సైజుది కావాలి, కొన్ని గిటార్లకి మిల్లీమీటర్లలో, కొన్నింటికి అంగుళాల్లో ఉంటుంది. లూజుగా ఉన్న కీతో తిప్పితే లోపలి అంచులు అరిగి, అప్పుడు నిజంగానే విశాఖ వెళ్లాల్సి వస్తుంది. బైక్ మెకానిక్ దగ్గర ఇలాంటి సెట్లు ఉండొచ్చు, గిటార్ పట్టుకెళ్లి బిగువుగా పట్టే కీ చూసుకో. పావు చుట్టు, అంతకంటే ఎక్కువ కాదు. తిప్పి, మళ్లీ శ్రుతి చేసి, రాత్రంతా వదిలేసి, పొద్దున ఆ టిక్ మళ్లీ విను. చాలకపోతే ఇంకో పావు. చెక్కకి టైం ఇవ్వాలి. తిప్పుతుంటే మొరాయిస్తే బలం ఉపయోగించొద్దు, అక్కడితో ఆపెయ్. పూర్తిగా సడలించినా సందు రాకపోతే అప్పుడు ఒప్పుకుంటాను, ఆ నెక్‌కి అనుభవం ఉన్న చెయ్యి పడాలి.

గరగర ఎక్కడ వస్తుందన్నదే రోగం చెబుతుంది. పన్నెండు దాటాక వస్తే సందు ఎక్కువై ఉండొచ్చు, లేదా శాడిల్ (బ్రిడ్జి మీద ఒక్కో స్ట్రింగ్ ఆనే చిన్న ముక్క) మరీ కిందికి ఉండొచ్చు. ఒక్క ఫ్రెట్ దగ్గరే వస్తే దాని తర్వాత బ్రిడ్జి వైపు ఉన్న ఫ్రెట్ లేచి ఉంటుంది. ఏటీఎం కార్డు అంచుని మూడు ఫ్రెట్ల మీద నిలబెట్టి ఆడించి చూడు, టకటకమని ఊగితే మధ్యది ఎత్తుగా ఉన్నట్టు. నొక్కకుండా వాయించినప్పుడు మాత్రమే వస్తే పైన హెడ్ దగ్గర స్ట్రింగులు ఆనే గాడుల పట్టీ, అంటే నట్‌లో (రాడ్ నట్టు కాదు) గాడి లోతైపోయింది. ఇవేవీ కాకుండా అన్నిటికంటే సన్నని జి స్ట్రింగ్ ఐదు, ఆరు, ఏడు ఫ్రెట్ల దగ్గర ఒక స్వరం తొందరగా చచ్చిపోతుంటే దాని జోలికి పోకు. చాలా బేస్‌లలో ఉండేదే, అది నెక్ ప్రకంపనల వల్ల వస్తుంది, రిపేరుతో పోదు.

రాడ్ పని అయ్యాకే స్ట్రింగుల ఎత్తు. ఎత్తు తగ్గించడానికి రాడ్ తిప్పడం చాలామంది చేసే పొరపాటు, ఎత్తుకి శాడిల్ స్క్రూలే ఉన్నాయి. పదిహేడో ఫ్రెట్ దగ్గర ఫ్రెట్ పైనుంచి స్ట్రింగ్ కింది అంచు వరకు ఇ కి 2.4, జి కి 2 మిల్లీమీటర్ల దగ్గర పెట్టి మొదలుపెట్టు. నువ్వు గట్టిగా లాగి వాయించే రకమైతే ఇంకొంచెం పెంచుకో. అమెరికాలో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ 1962 ప్రెసిషన్ బేస్ మీద, బాగా ఎత్తుగా ఉన్న లావు ఫ్లాట్‌వౌండ్ (పైన చదును తీగ చుట్టిన) స్ట్రింగులతోనే అంత పని చేశాడు. తక్కువ ఎత్తే గొప్ప అనేం లేదు. ఆంప్ లేకుండా వింటే కొంచెం గరగరమని, ఆంప్‌లో వినిపించకపోతే దాన్ని అలాగే వదిలెయ్.

అన్నిటికంటే చివర శ్రుతి తేడా సంగతి. దీనికి ముందు స్ట్రింగులు కొత్తవి వెయ్యి. చెమట, తుప్పు పట్టి ఒక్కో చోట ఒక్కో బరువుగా మారిన స్ట్రింగ్ ఎంత సర్దినా శ్రుతికి రాదు. డబ్బు లేకపోతే పాతవి విప్పి నీళ్లలో మరిగించి బాగా ఆరబెట్టి వేస్తే కొద్దిరోజులు గొంతు లేస్తుంది, కానీ ఈ పనికి అవి నమ్మకం కాదు. కొత్తవి వేశాక పన్నెండో ఫ్రెట్ మీద స్ట్రింగ్‌ని ఊరికే తాకి హార్మోనిక్ తీసి ట్యూనర్‌లో చూడు, తర్వాత అదే ఫ్రెట్ నొక్కి వాయించి చూడు. నొక్కినప్పుడు స్వరం ఎక్కువగా చూపిస్తే శాడిల్‌ని వెనక్కి, తక్కువగా చూపిస్తే ముందుకు జరుపు. జరిపిన ప్రతిసారీ మళ్లీ శ్రుతి చెయ్యి. మామూలు బేస్ స్కేలు 34 అంగుళాలు, అంటే 864 మిల్లీమీటర్లు. నట్ నుంచి పన్నెండో ఫ్రెట్‌కి 432 ఉంటే, అక్కడి నుంచి జి శాడిల్‌కి కూడా దాదాపు అంతే ఉండాలి, ఇ శాడిల్ కొంచెం వెనక్కి ఉంటుంది. ఫోన్ ట్యూనర్ ఓపెన్ ఇ స్వరాన్ని సరిగ్గా పట్టకపోవచ్చు, అది 41 హెర్ట్జ్ మాత్రమే. ఫోన్ మైక్‌కి అంత కింది స్వరాలు సరిగ్గా వినపడవు. హార్మోనిక్ అయితే 82 దగ్గర ఉంటుంది కాబట్టి పట్టుకుంటుంది. క్లిప్ ట్యూనర్ ఉంటే మరీ మంచిది.

వాయించాక స్ట్రింగులు పొడి గుడ్డతో కిందనుంచి కూడా తుడువు. రేకుల ఇంట్లో బీరువా మీద, చెమ్మగోడకి ఆనించి పెట్టొద్దు. కేసులో పెట్టి, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు రెండు వేసి ఉంచు. వానలు పట్టాక ఒకసారి, చలికాలం ముదిరాక ఒకసారి ఆ టిక్ పరీక్ష చేసుకో, సందు మారితే పావు చుట్టుతో పోతుంది. స్ట్రింగులు ఎప్పుడూ ఒకే సైజువి వెయ్యి. సైజు మారిస్తే లాగుడు మారి రాడ్ నుంచి శాడిల్ దాకా పనంతా మళ్లీ మొదటికొస్తుంది.

విశాఖ ప్రయాణం ఎప్పుడంటే: ఫ్రెట్లు అరిగి గాడులు పడితే, ఏటీఎం కార్డు రెండు మూడు చోట్ల ఊగితే, నట్ గాడి కొత్తగా కోయాల్సి వస్తే, రాడ్ నట్టు అరిగినా తిరగకపోయినా. ఇవి ఆకురాయి, కొలతలు, అలవాటు కావాల్సిన పనులు. ఇంట్లో ప్రయత్నించొద్దు. వెళ్లినప్పుడు ‘రిపేరు చెయ్యండి’ అని వదిలేసి రాకు. ఏ ఫ్రెట్ దగ్గర, ఏ స్ట్రింగ్ మీద గరగర వస్తోందో, నువ్వు వాడే స్ట్రింగ్ సైజు ఏమిటో కాగితం మీద రాసి ఇవ్వు. నీ పట్టుకి ఎంత ఎత్తు కావాలో వాళ్ల ముందే కూర్చుని వాయించి చూపించు. ఫ్రెట్లు చదును చేశాక ప్రతి ఫ్రెట్ పైభాగం మళ్లీ గుండ్రంగా చేశారో లేదో, డబ్బులిచ్చే ముందు వేలు పెట్టి చూసుకో.